నీలం స్విచ్ కోసం నిండు కీబోర్డుని కొయ్యాలా?

చాలా రోజులైంది ఇటువైపు వచ్చి. ఆఫీసులో రిలీజు గొడవ, ఇంట్లో బద్ధకం, రెండూ కలిసి నన్ను ఈ పక్కకి రానివ్వలేదు. ఇప్పుడు కూడా రాసేవాణ్ణి కాదేమో గానీ, ఈమధ్య మా ఫ్రెండొకడితో ఒక పాత కీబోర్డు గురించి పెద్ద వాదన అయింది. వాడు అలిగి ఫోన్ పెట్టేశాడు. అప్పట్నించీ వాడికి చెప్పాల్సిన జవాబులన్నీ స్నానం చేస్తున్నప్పుడు, బండి నడుపుతున్నప్పుడు ఒక్కొక్కటే తడుతున్నాయి. అవన్నీ ఎక్కడో ఒక చోట కక్కెయ్యాలి కదా, అందుకే ఈ టపా. కీబోర్డుల గోల మనకెందుకనుకునేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, నేనేమీ అనుకోను :)

జరిగింది ఇది. మేముండేది డాలస్ పక్కన. ఒక శనివారం పొద్దున మా వీధి చివర ఒక ముసలాయన గరాజ్ సేల్ పెట్టాడు. కుర్చీలు, గోల్ఫు కర్రలు, క్రిస్మస్ దీపాలు, వాటి కింద ఒక అట్టపెట్టెలో వైర్లు. ఆ వైర్ల మధ్యలోంచి ఒక కీబోర్డు మూల కనపడింది. లాగి చూస్తే లీడింగ్ ఎడ్జ్ వాళ్ళది, వెనక స్టిక్కరు మీద డీసీ-2014 అని ఉంది. నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. ముసలాయన అటు తిరగ్గానే ఒక కీక్యాప్ మెల్లగా పైకి లాగాను. లోపల నీలం.

20 డాలర్లన్నాడు. బేరమాడకుండా ఇచ్చిన కొనుగోలు నా జీవితంలో అదొక్కటేనేమో. మా అమ్మకి తెలిస్తే తిడుతుంది.

ఆ నీలంలో అంత ఏముందో తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. జపాన్‌లో ఆల్ప్స్ ఎలక్ట్రిక్ అని ఒక కంపెనీ. 1948లో కటావొకా ఎలక్ట్రిక్ అన్న పేరుతో మొదలైంది, 1964లో ఆల్ప్స్ అయింది, 2019లో ఆల్పైన్‌తో కలిసిపోయి ఇప్పుడు ఆల్ప్స్ ఆల్పైన్ అంటున్నారు. స్విచ్‌లు, వాల్యూమ్ నాబులు, మ్యూజిక్ స్టూడియోల్లో జరిపే ఫేడర్లు, గేమ్ కంట్రోలర్ల మీది స్టిక్కులు... ఇలా మనం రోజూ ముట్టుకుంటూ పేరు మాత్రం ఎప్పుడూ చదవని వస్తువులు చేస్తారు. 1980లలో వీళ్ళు కీబోర్డు స్విచ్‌లు కూడా చేసేవాళ్ళు, అదీ లక్షల్లో. ఆపిల్, డెల్, జెనిత్, నార్త్‌గేట్, లీడింగ్ ఎడ్జ్... అప్పటి అమెరికా కంపెనీల్లో సగం మంది బోర్డుల్లో ఆల్ప్స్ స్విచ్‌లే ఉండేవి అనిపిస్తుంది పాత సామాను తిరగేస్తుంటే.

వాటిలో పేరున్న కుటుంబం ఎస్‌కేసీఎల్, ఎస్‌కేసీఎం. ఎస్‌కేసీఎల్ అంటే సాఫీగా కిందకి దిగేది. ఎస్‌కేసీఎం అంటే మధ్యలో ఒక గట్టు తగిలేది, కొన్నిట్లో ఆ గట్టుతో పాటు టిక్కుమనే చప్పుడు కూడా. లోపల స్లైడర్ (అంటే మన వేలి కింద దిగే ప్లాస్టిక్ ముక్క) ఏ రంగులో ఉంటే ఆ రంగు పేరుతో పిలుస్తారు. పసుపు, ఆకుపచ్చ సాఫీ రకం, జెనిత్ బోర్డుల్లో దొరుకుతాయి. నారింజ, సాల్మన్, గోధుమ, నలుపు, మీగడ రంగు ఇవన్నీ గట్టు రకం. నీలం, తెలుపు, అంబర్ చప్పుడు రకం. గోధుమ రంగుది దొరకడమే కష్టం, దాని గట్టు ఎంత మొండిదంటే నొక్కితే స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగినట్టుంటుంది. నలుపు డెల్ ఏటీ101డబ్ల్యూలో కుప్పలుగా వచ్చింది, అందుకే దానికి గౌరవం లేదు పాపం. మీగడ రంగుది ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు 2లో ఉంటుంది, స్లైడర్‌కి చిన్న రబ్బరు ముక్కలు తగిలించి చప్పుడు మింగేలా చేశారు.

ఈ స్విచ్ లోపల ఎలా ఉంటుందో చెప్పకపోతే నా బాధ మీకర్థం కాదు. చెర్రీ ఎంఎక్స్ స్విచ్ తెలుసు కదా? తెలియకపోయినా దాని చప్పుడు మీకు కచ్చితంగా తెలుసు. మన దగ్గర టీవీఎస్ గోల్డ్ కీబోర్డులో చాలా ఏళ్ళు వచ్చినది చెర్రీ నీలమే. ఆఫీసు కౌంటర్ల వెనకనించి టకటకా వినపడేది అదే. అందులో స్లైడర్ రెండు ముక్కలుగా ఉంటుంది, కింది ముక్క ఒక్కసారిగా జారి కొట్టుకుంటే ఆ టిక్కు వస్తుంది. ఆల్ప్స్ వాడి పద్ధతి వేరు. ఒక పక్క గోడకి సన్నటి లోహపు ఆకు నిలబెట్టి ఉంటుంది, కొంచెం వంచిన ఆకు. స్లైడర్ దిగుతూ దాన్ని తోస్తుంది, అది వంగుతుంది, వంగి వంగి ఒక్కసారి తప్పించుకుని వెనక్కి కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడమే చప్పుడు. ఆకు ఆకారం కొంచెం మారిస్తే చప్పుడు పోయి గట్టు మాత్రం మిగులుతుంది. ఆకు మొత్తం తీసేస్తే సాఫీగా దిగుతుంది. ఇంకో పక్క గోడకి వేరే చిన్న పలక, దాంట్లో విద్యుత్తు తగిలే కాంటాక్టు. అంటే వేలికి తెలిసే పని ఒక పక్క, కంప్యూటరుకి తెలిసే పని ఇంకో పక్క. ఇంటర్ఫేసు, ఇంప్లిమెంటేషను విడివిడిగా ఉంచాలని మాకు కాలేజీలో నాలుగేళ్ళు చెప్పారు, నాకు మాత్రం ఈ స్విచ్ విప్పినప్పుడే సరిగ్గా ఎక్కింది.

తర్వాత ధర తగ్గించడం కోసం భాగాలు తగ్గించి 'సింప్లిఫైడ్' రకం చేశారు. తైవాన్, చైనాల్లో నకళ్ళు బోలెడు వచ్చాయి. ఆ తర్వాత రబ్బరు గుడిసెల కీబోర్డులొచ్చి అన్నిట్నీ ఊడ్చేశాయి. కంప్యూటరు ధరలు పడిపోతుంటే కీబోర్డు మీద అంత ఖర్చు ఎవడు పెడతాడు? కెనడాలో మటియాస్ అనే కంపెనీ ఈ కుటుంబం స్విచ్‌లని కొన్నాళ్ళు బతికించింది, తమ సొంత రకం కూడా చేసింది. కానీ అసలు ఎస్‌కేసీఎం మాత్రం ఇంక రాదు. ఉన్నవి ఉన్నన్నే. రోజు రోజుకీ తగ్గేవే తప్ప పెరిగేవి కావు.

వాటన్నిట్లో పెళ్ళికొడుకు నీలం. తర్వాత వచ్చిన తెలుపు పని పద్ధతి కూడా ఇదే. కానీ నీలం ఇంకా నునుపు, చప్పుడు ఇంకా స్ఫుటం అని పేరు. పేరు ఊరికే రాలేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బాగున్న నీలం స్విచ్ నొక్కితే ఎండిన చింతపిక్క బండ మీద పడ్డట్టు ఉంటుంది. ఒక్కటే మాట, వెనక గునుపు లేదు.

"బాగున్న" అన్నాను చూడండి, అక్కడే ఉంది తిరకాసు. దాని సంగతి తర్వాత.

ఇంటికొచ్చి ఫొటో తీసి మావాడికి పంపాను. మావాడంటే బీటెక్‌లో నా బెంచ్‌మేటు, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటాడు. వాడికి నాకంటే ముదిరిన పిచ్చి. ఆల్ప్స్ స్విచ్‌లు పట్టే పీసీబీ, ప్లేటు, అల్యూమినియం డబ్బా అన్నీ ఆర్డరిచ్చి తెప్పించుకుని స్విచ్‌ల కోసం కాచుక్కూచున్నాడు. రెండు నిమిషాల్లో ఫోన్.

"మావా, అవి నాకిచ్చెయ్. 300 డాలర్లిస్తా."

"కీబోర్డా?"

"కీబోర్డేం చేసుకోనురా, దానికి యూఎస్‌బీ కూడా లేదు. స్విచ్‌లు పీకి పంపు. డబ్బా నువ్వే ఉంచుకో, గుర్తుగా."

20కి కొన్నది వారంలో 300. మా ఊళ్ళో స్థలాలకి కూడా అంత లాభం రాలేదు. అయినా నేను ఊఁ అనలేదు. ఎందుకు అనలేదో చెప్పాలంటే రెండేళ్ళ కిందట నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి.

అప్పుడు నా దగ్గర ఒక ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు ఉండేది, మొదటి రకం, ఎం0115. 1987లో వచ్చింది ఆ మోడలు. లోపల దాని మారుపేరు సరటోగా అట, యుద్ధవిమానాలు మోసే ఓడ పేరు. చూస్తే నిజంగానే అలాగే ఉంటుంది, బల్ల మీద సగం అదే. 105 కీలు, లోపల సాల్మన్ స్విచ్‌లు. ఇంకా పని చేస్తోంది. కానీ నాకప్పుడు చిన్న కీబోర్డు మోజు, 60 కీలది. సాల్మన్ స్విచ్‌లతో అది కట్టుకోవాలని పట్టు. ఒక ఆదివారం కూర్చుని సోల్డర్ పంపు పట్టుకుని పీకడం మొదలుపెట్టాను. ఒక్కో స్విచ్‌కి రెండు కాళ్ళు, 105 స్విచ్‌లకి 210 టంకాలు. వందోది దాటాక చెయ్యి వణకడం మొదలైంది. బోర్డు మీద రాగి గీతలు కొన్ని లేచిపోయాయి. మూడు స్విచ్‌ల కాళ్ళు విరిగాయి. సాయంత్రానికి ఒక జిప్‌లాక్ కవరులో సాల్మన్ స్విచ్‌లు, ఒక చెత్త సంచిలో ఆపిల్ కీబోర్డు శవం. కీక్యాప్‌లు కూడా పారేశాను, చిన్న బోర్డుకి సరిపోవని. ఇప్పుడనిపిస్తుంది, వాటినైనా ఉంచుకోవాల్సింది.

ఆ రాత్రి మామూలుగా ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్నకి తెనాల్లో డీటీపీ సెంటరు. కుర్రాడిగా ఉన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసై, తర్వాత కంప్యూటర్లొస్తే దాంట్లోకి మారి, పాతికేళ్ళుగా పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, దినకర్మ కార్డులు కొడుతూ నన్ను చదివించాడు. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, టీవీఎస్ గోల్డ్. ఏం చేశావురా ఇవాళ అనడిగితే పాత ఆపిల్ కీబోర్డు విప్పానని చెప్పాను.

"ఆపిల్ కీబోర్డా?" గొంతు మారింది. "అంటే మన ఆపిల్ కీబోర్డేనా అది?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. డీటీపీ వాళ్ళకి తెలిసే ఉంటుంది. అనులో తెలుగు కొట్టడానికి రకరకాల లేఅవుట్లుంటాయి, టైపురైటరు, మాడ్యులర్, ఇంకా ఏవేవో. వాటిలో బాగా వాడకంలో ఉన్నది ఒకటి, దాని పేరే 'ఆపిల్'. ఉద్యోగాల ప్రకటనల్లో కూడా "ఆపిల్ కీబోర్డు వచ్చినవారు కావలెను" అని వేస్తారు. మా నాన్న పాతికేళ్ళుగా ఆ లేఅవుట్‌లోనే కొడుతున్నాడు, కళ్ళు మూసుకుని. జీవితంలో ఒక్క ఆపిల్ కంప్యూటరు కూడా ముట్టుకోలేదు. ఆపిల్ అంటే ఆయనకి ఫోను కాదు, ఒత్తు ఎక్కడుందో, గుడి ఎక్కడుందో వేళ్ళకి తెలిసిన ఒక పటం.

"అది చూడాలనుండేదిరా. ఎట్లుంటదో. వచ్చేటప్పుడు పట్రా, చూసిస్తాను."

తెలుగు లేఅవుట్‌కీ ఆ ప్లాస్టిక్ బోర్డుకీ నేరుగా సంబంధం లేదు, అది సాఫ్ట్‌వేరు పని, ఏ కీబోర్డు మీదైనా ఒకటే అని చెప్పొచ్చు. చెప్పాను కూడా. కానీ ఆయన అడిగింది అది కాదుగా. చెత్త సంచి గుమ్మం దగ్గర ఉంది. తీసి చూశాను. లేచిపోయిన రాగి, కాలిన మచ్చలు. కవరులో ఉన్న గులాబీ ముక్కలు తీసుకెళ్ళి ఇదిగో నాన్నా ఆపిల్ కీబోర్డు అని చూపిస్తే ఏం బాగుంటుంది? ఇంకా చెప్పాలంటే, ఆ 60 కీల బోర్డు ఇప్పటికీ కట్టలేదు. కవరు సొరుగులోనే ఉంది.

సరే, ఇదంతా మావాడికి చెప్పాను. వాడు సెంటిమెంటు కొట్టొద్దన్నాడు. వాడి వాదన కూడా తీసిపారేసేది కాదు, అందుకే పూర్తిగా రాస్తున్నాను. ఈ పాత బోర్డులు ఎలాగూ రీసైక్లింగ్ యంత్రంలో పడి పొడైపోయేవే. వాటిని నీ కంప్యూటరుకి పెట్టలేవు, పెట్టినా కీల అమరిక పాతకాలంది. స్విచ్ పీకి కొత్త బోర్డులో పెడితే కనీసం ఆ స్విచ్ ఇంకో ముప్పయ్యేళ్ళు రోజూ వేలి కింద బతుకుతుంది. నీ దగ్గరుంటే అట్టపెట్టెలో బతుకుతుంది. ఏది నయం?

అట్టపెట్టె మాట నిజమే, కొంచెం గుచ్చుకుంది. కానీ నాకు వాడితో మూడు చోట్ల పేచీ ఉంది.

మొదటిది, పెట్టలేవు అన్నది అబద్ధం. లీడింగ్ ఎడ్జ్ మోడల్ డి అనే కంప్యూటరు 1985లో వచ్చింది, కొరియాలో దేవూ వాళ్ళు చేసింది, ఐబీఎం ఎక్స్‌టీకి నకలు. కాబట్టి కీబోర్డు మాట్లాడేది ఎక్స్‌టీ భాష. అంతకంటే అమాయకమైన ప్రోటోకాల్ నేను చూడలేదు. కీబోర్డు చెబుతుంది, కంప్యూటరు వింటుంది, అంతే. ఎస్కేప్ నొక్కితే 1 అని పంపుతుంది, వదిలితే దానికి 128 కలిపి 129 అని పంపుతుంది. ఏ కీ అయినా ఇంతే. అయిదు కాళ్ళ గుండ్రటి సాకెట్టు, చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు ఒకటి, రెండు సాయంత్రాలు. నేను రోజూ ఆఫీసులో తిట్టుకునే ఏపీఐల ముందు ఇది దేవుడు. కొన్ని డాలర్ల బోర్డుతో అయ్యే పనికి భయపడి 40 ఏళ్ళ వస్తువుని కోస్తామా?

రెండోది స్విచ్ పరిస్థితి. ఇందాక తిరకాసు అన్నాను కదా. ఆల్ప్స్ స్విచ్‌కి దుమ్ము విషం. లోపల ప్లాస్టిక్కూ లోహమూ ఒకదాన్నొకటి రాసుకుంటూ జారాలి. దుమ్ము పడిందా, గరగర మొదలు. కీ మధ్యలో కాకుండా అంచు మీద నొక్కితే ఇరుక్కుంటుంది. నూనె లాంటివి పూస్తే నాలుగు రోజులు బాగుండి, ఆ జిడ్డుకి ఇంకా దుమ్ము పట్టి మళ్ళీ మొదటికొస్తుంది. ఆకు మీద జిడ్డు పడితే చప్పుడు కూడా చస్తుంది. గరాజ్‌లో ముప్పయ్యేళ్ళు పడున్న నీలం కంటే కవరులో భద్రంగా ఉన్న తెలుపే బాగుంటుంది, నేను పక్క పక్కన పెట్టి నొక్కి చూశాను. నా దగ్గరున్న నార్త్‌గేట్ ఆమ్నికీలో తెలుపు స్విచ్‌లు ఇప్పటికీ గాజు మీద జారినట్టు ఉంటాయి. లీడింగ్ ఎడ్జ్‌లో ఎంటరు, స్పేసు, 'ఇ' కీల కింద నీలం స్విచ్‌లు ఇసకలో కాలీడ్చినట్టున్నాయి. మావాడు నీలం అనే పేరు కొంటున్నాడు, స్విచ్ కాదు. రంగు చూసి మామిడిపండు కొన్నట్టే ఇది. 300 పెట్టి కొని తన అల్యూమినియం డబ్బాలో పెట్టుకున్నాక సగం గరగరలాడితే అప్పుడు తిట్టేది నన్నే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఆల్ప్స్ స్విచ్‌ని టంకం ఊడదీయకుండానే, ప్లేటులో ఉండగానే, పై మూత తీసేయొచ్చు. పక్కన ఉన్న చిన్న కొక్కేలు లోపలికి నొక్కితే మూత, స్లైడరు, స్ప్రింగు, ఆకు అన్నీ చేతిలోకొస్తాయి. కాంటాక్టు పలక మాత్రమే బోర్డుకి అతుక్కుని ఉంటుంది. చెర్రీ స్విచ్ మామూలుగా ప్లేటులో ఉండగా ఇలా విప్పలేం. అంటే చేసినవాళ్ళు బాగుచెయ్యడానికి తలుపు తెరిచే ఉంచారు. మనం తలుపు ఉండగా గోడ పగలగొడుతున్నాం.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఏ రంగు ఎప్పుడొచ్చింది, ఏది ముందు ఏది వెనక, ఒకే రంగులో మూతకి పైన చీలిక ఉన్నదీ లేనిదీ ఏ కాలంవి... ఈ వివరాలు జనానికి ఎలా తెలిశాయి? కంపెనీవాళ్ళు చరిత్ర పుస్తకం వేసి పంచలేదు. అసలు ఆ రంగుల పేర్లే వాడేవాళ్ళు పెట్టుకున్నవి. ఎవరో ఒకరు నిండు కీబోర్డు విప్పి, లోపల చిప్పు మీద నాలుగంకెల తేదీ చదివి (8632 అని ఉంటే 1986లో 32వ వారం), ఫలానా బోర్డులో ఫలానా రంగు అని రాసుకుని, అలాంటివి వందలు కలిస్తే తేలిన లెక్క అది. స్విచ్ మీద తేదీ ఉండదు. బోర్డుతో ఉన్నంతవరకే దానికి పుట్టిన ఊరూ, తేదీ. పీకి కవరులో వేశాక అది అనాథ. మావాడు తర్వాత దాన్ని ఇంకోడికి అమ్ముతాడు, వాడు ఇంకో ముగ్గురికి విడగొట్టి అమ్ముతాడు. నా జిప్‌లాక్ కవరులో ఉన్నవి ఏ సంవత్సరంవి అని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. చూసుకోకుండానే పారేశాను ఆ బోర్డుని. లాగ్ ఫైళ్ళు చెరిపేసి బగ్ గురించి ఆలోచించినట్టుంది నా తెలివి.

ఇదంతా చెబితే మావాడు ఒకే ఒక్క మాటన్నాడు. "నువ్వు చేసినప్పుడు బాగానే ఉందిగా." ఫోన్ పెట్టేశాడు. అది నిజం కాబట్టి నాకు కోపం వచ్చింది.

ఆ ఆదివారం నాన్నతో మాట్లాడుతూ ఈ గొడవ చెప్పాను. ఆయన నా పక్షమే ఉంటాడనుకున్నాను. ఉండలేదు, పూర్తిగా.

"నేనూ పీకుతానుగా స్విచ్‌లు" అన్నాడు.

షాపులో నాలుగు టీవీఎస్ గోల్డులు ఉండేవట. ఒకదాని మీద ఎవరో టీ ఒలకపోశారు, బోర్డు కాలిపోయింది. దాన్ని పారెయ్యలేదు. మిగతా మూడిట్లో ఏ కీ పోయినా దాన్లోంచి స్విచ్ తీయించి వేయించుకుంటున్నాడు, పక్కన సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడితో. స్విచ్చికి ఇరవై రూపాయలు కూలీ. పదేళ్ళుగా ఆ మూడూ అలాగే నడుస్తున్నాయి. నాకీ సంగతి అస్సలు తెలియదు. వేసవి సెలవుల్లో వాటి మీదే నేను టైపింగు నేర్చుకున్నాను.

"పోయినదాన్లోంచి తీసి ఉన్నదాన్లో వేస్తా నేను. మీవాడు ఉన్నదాన్లోంచి తీసి లేనిదాన్లో వేస్తానంటున్నాడు. అంతేగా తేడా?"

అంతే. నేను వెయ్యి మాటల్లో చెప్పలేనిది ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. కాకపోతే నాకొక చిక్కు తెచ్చిపెట్టాడు. స్విచ్‌లు పీకడమే పాపం అని నేను గట్టిగా పట్టుకున్న జెండా కాస్తా వదిలెయ్యాల్సి వచ్చింది. బోర్డు పగిలిందా, రాగి కుళ్ళిందా, చిప్పు చచ్చిందా, అలాంటిదాన్లోంచి ప్రతి స్విచ్చూ తీసి వాడుకోవాల్సిందే, వదిలేస్తే అదీ తప్పే. తియ్యబోయే ముందు తేదీలు, స్టిక్కర్లు, చిప్పుల మీది అంకెలు ఫొటో తీసి పెట్టుకుంటే పోయేదేం లేదు, అయిదు నిమిషాల పని. కానీ పని చేస్తున్నదాన్ని, లేదా కొంచెం ఓపిక పడితే పని చేసేదాన్ని, ఇంకో అందమైన డబ్బా కోసం కొయ్యడం మాత్రం నేను ఒప్పుకోను. అమ్మేవాళ్ళు కొన్ని చోట్ల "హార్వెస్ట్" అని అందమైన మాట వాడుతున్నారు. కోత అంటే మళ్ళీ విత్తు వేసేవాడు అనాల్సిన మాట. ఇక్కడ విత్తేవాడు ఎవడూ లేడు.

డబ్బు సంగతి కూడా దాచను. 300 డాలర్లు నాకు చేదు కాదు. ఆ రోజు రాత్రి ఒకసారి లెక్క వేసుకున్నాను కూడా, నాన్నకి షాపులో కొత్త యూపీఎస్ వస్తుంది దాంతో. ఆ పేరు పెట్టి పీకేద్దామా అని కూడా అనిపించింది. మనం చెయ్యాలనుకున్న పనికి అమ్మానాన్నల పేరు పెట్టుకోవడం ఎంత తేలికో! యూపీఎస్ జీతంలోంచి కొని పంపించాను చివరికి.

తర్వాత మూడు వారాంతాలు ఆ లీడింగ్ ఎడ్జ్‌తోనే గడిచాయి. మూతలు తీయడం, స్లైడర్లు సబ్బునీళ్ళలో నానబెట్టి కడగడం, ఆకుల్ని మెత్తటి గుడ్డతో తుడవడం, లోపల గాలి కొట్టడం, ఆరాక మళ్ళీ పేర్చడం. స్ప్రింగు ఒకటి ఎగిరి సోఫా కిందకి పోయింది, గంటన్నర వెతికాను. మా రూమ్మేటు నన్ను వింతగా చూసి, "అన్నా, అమెజాన్‌లో ముప్పై డాలర్లకి కొత్తది వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది.

బాగా అరిగిన ఎంటరు, స్పేసు స్విచ్‌ల స్లైడర్లని తక్కువ వాడకం ఉన్న ఫంక్షన్ కీలవాటితో మార్చాను. ఇప్పుడు ఎఫ్9, ఎఫ్10 గరగరలాడతాయి, వాటిని నొక్కేదెవరు? అన్ని స్విచ్‌లూ కొత్తవాటిలా అయ్యాయని చెప్పను. కొన్ని ఇంకా కొంచెం పట్టేస్తున్నాయి, ముఖ్యంగా అంచు మీద వేలు పడితే. 'ఇ' కీ మాత్రం అస్సలు లొంగలేదు. ఈ టపా మొత్తం దాని మీదే కొట్టాను, ఎక్కడైనా అక్షరం ఎగిరిపోయి ఉంటే నా తప్పు కాదు, దాన్నడగండి. చిప్పుల మీది తేదీలు, స్టిక్కర్లు అన్నీ ఫొటో తీసి ఒక కాగితం మీద రాసి, వెనక మూత లోపలే అంటించాను.

సాల్మన్ కవరు సంగతి ఇంకా తేలలేదు. ఎవరిదైనా ఎక్స్‌టెండెడ్ కీబోర్డులో స్విచ్‌లు పోతే, అడిగినన్ని పోస్టులో పంపిస్తాను, డబ్బులొద్దు. మూడు విరిగినవి పోగా 102 ఉన్నాయి. ఈలోపు నేను కూడా ఇంకో ఎం0115 కోసం వెతుకుతున్నాను, పని చేసేది. డిసెంబరులో ఇండియా వెళ్తున్నాను, సూట్‌కేసులో అడ్డంగా పడుతుందో లేదో టేపు పెట్టి కొలిచి చూశాను, ఐమూలగా పెడితే పడుతుంది.

నిన్న రాత్రి మావాడే ఫోన్ చేశాడు. అలక తీరినట్టుంది. ఎవడి దగ్గరో ఒక బోర్డు దొరికిందట, నీలమే, పీసీబీ మధ్యకి విరిగిపోయిందట. డీసోల్డరింగ్ గన్ నీ దగ్గరుందిగా, శనివారం వస్తానన్నాడు. రమ్మన్నాను. నిజంగా విరిగిందో లేదో ముందు నేను చూస్తానని కూడా చెప్పాను.